పదమూడేళ్ల భానుశ్రీ

లక్కే ఆ మాట అడిగినప్పుడు భానుశ్రీ చారుకి పోపు వేస్తోంది. ఆదివారం మధ్యాహ్నం. గనుల ఊరు బచేలీ మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. భర్త అవినాష్ ఇంకా డ్యూటీ దిగి రాలేదు. పెరట్లో గిన్నెలు తోముతున్న లక్కే వంటింటి గుమ్మంలోకి తల పెట్టి, "అక్కా, ఆ పిల్ల కూడ తింటదా? బియ్యం ఇంకో గ్లాసు పోయకపోయినవా?" అంది.

"ఏ పిల్ల?"

"ఏ పిల్ల అంటవేంది? ఇప్పుడే నా పక్క నుంచే లోపటికి వచ్చింది గద. రెండు జడలు పైకి మడిచి కట్టినరు. ఎనక దారాలు ముడేసిన పచ్చ గౌను. మీ సుట్టాల పిల్ల అనుకున్న."

లక్కే పామేడు దిక్కు మనిషి. ఊళ్లో ఉండలేక అక్క ఇంటికి వచ్చి ఇక్కడే నిలిచిపోయింది. తన సొంత భాష దోర్లీ, గోండీ, హిందీ, తెలుగు, ఏ ఇంట్లో ఏది కావాలంటే అది మాట్లాడుతుంది. లేనివి కల్పించి చెప్పే అలవాటు మాత్రం ఆమెకి లేదు.

భానుశ్రీ స్టవ్ ఆపి ఇల్లంతా చూసింది. రెండు గదుల కంపెనీ క్వార్టర్‌లో దాక్కోవడానికి చోటెక్కడిది? ఎవరూ లేరు. కానీ పడగ్గదిలో మంచం పక్కకి వెళ్లేసరికి కాలు చటుక్కున వెనక్కి తీసుకుంది. అక్కడ గచ్చు మంచుగడ్డలా ఉంది. మే నెల కావడంతో మిగతా గదంతా పెనంలా కాలుతోంది. ఒక పిల్ల మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే ఎంత చోటు పడుతుందో, ఆ చలి సరిగ్గా అంత మేరే ఉంది.

"ఎవరూ లేరు లక్కే, ఎండకి నీ కళ్లు తిరిగి ఉంటాయి" అని పెరట్లోకి కేకేసింది. లక్కే పళ్లెం కడిగి బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు గుమ్మం వైపే చూస్తూ నిలబడింది.

భానుశ్రీ పుట్టి పెరిగింది ఆ టౌన్‌షిప్‌లోనే. తండ్రి అప్పారావు విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి, కొండ మీది ఇనుప గనిలో షావెల్ యంత్రం నడిపాడు. ఆ కొండ దుమ్ము ఎర్రగా వచ్చి తలుపుల మీదా, ఆరేసిన బట్టల మీదా, పిల్లల మోకాళ్ల మీదా వాలేది. పదమూడో ఏట భానుశ్రీ మెడ మీద గడ్డ లేచింది. విశాఖపట్నం తీసుకెళ్తే గ్రంథుల కేన్సర్ అన్నారు. మందులు గట్టివి, పిల్ల బతుకుతుంది గానీ ఆ మందుల వేడికి అండాశయాలు మాడిపోతాయి అన్నారు.

ఆ ఆస్పత్రిలో సత్యమూర్తి అనే డాక్టరు అప్పట్లో ఒక పరిశోధన మొదలుపెట్టాడు. మందులు ఎక్కించే ముందే ఆడపిల్లకి ఒక అండాశయం తీసి, దాని పై పొరని పల్చటి ముక్కలుగా కోసి, ద్రవ నైట్రోజన్ చలిలో గడ్డ కట్టించి దాచడం. పెద్దయ్యాక ఆ ముక్కల్ని మళ్లీ ఒంట్లో కుడితే అవి మేలుకోవచ్చు, ఆమె తల్లి కావచ్చు. అప్పటికి ఎక్కడెక్కడో కొద్దిమందికే అలా జరిగింది. ఇక్కడ ఎవరికీ జరగలేదు. అప్పారావు తల వంచుకుని సరేనన్నాడు.

భానుశ్రీ బతికింది. చదువుకుంది, టౌన్‌షిప్ బడిలో లెక్కల టీచరైంది. మాత్రలు వేసుకుంటే తప్ప నెలసరి రాలేదు. గని లేబొరేటరీలో పనిచేసే అవినాష్‌తో సంబంధం మాట్లాడుకున్నప్పుడు ఏదీ దాచకుండా చెప్పేసింది. అవినాష్ గాజువాక మనిషి, మాటలు తక్కువ. "ముందు నువ్వుండు. మిగతాది తరవాత చూద్దాం" అన్నాడు. పెళ్లయింది. అప్పారావు పోయాడు. తల్లి ఉమామహేశ్వరి విజయనగరం వెళ్లిపోయి అన్నగారింటి పక్కన ఉంటోంది.

తరవాత ఒకరోజు సత్యమూర్తి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆయనకి జుట్టంతా నెరిసింది గానీ పరిశోధన మానలేదు. "ముక్కలు బాగానే ఉన్నాయమ్మా. పరీక్ష చేశాం, వాటిలో జబ్బు లేదు. కుట్టమంటే కుడతాను" అన్నాడు. ఆ చలికాలంలో ముక్కల్లో సగం మాత్రం కరిగించి, కొన్ని పొత్తికడుపులో మాడిపోయిన అండాశయం మీద కుట్టాడు. ఒకదాన్ని మాత్రం ఎడమ ముంజేతి చర్మం కింద పెట్టాడు. ప్రాణం వచ్చిందో లేదో అక్కడైతే చేత్తో తడిమి తెలుసుకోవచ్చట. మిగతా సగం ఆ చలిలోనే ఉంచాడు, ఇది ఫలించకపోతే రెండోసారికి.

కొన్ని నెలలు ఏమీ లేదు. ఏప్రిల్‌లో ఒక ఉదయం బోర్డు మీద రాస్తుంటే ముంజేయి సలిపింది. చీర కొంగు తొలగించి చూస్తే చర్మం కింద చింతగింజంత ఉబ్బు. వేలితో నొక్కితే మెత్తగా పక్కకి జరిగింది. వీడియోకాల్‌లో అది చూసి సత్యమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అండం పండుతోందమ్మా. ఇన్నేళ్లు నిద్రపోయిన ముక్క మేలుకుంది" అన్నాడు. కొద్దిరోజులకి ఉబ్బు అణిగిపోయింది, ఆ వెనకే మాత్రలు లేకుండా నెలసరి వచ్చింది. భానుశ్రీ బాత్రూం గోడకి ఆనుకుని ఏడ్చింది. అవినాష్ తలుపు అవతల నిలబడి, "భానూ, బానే ఉన్నావా?" అని అడుగుతూనే ఉన్నాడు.

లక్కేకి ఆ పిల్ల కనబడింది ఆ తరవాతే.

జూన్‌లో బళ్లు తెరిచారు. ఏడో తరగతిలో వెనక బెంచీ పిల్లలు ఇరుక్కుని కూర్చుంటున్నారు. బెంచీ చివర ఒకరు పట్టేంత చోటు వదిలేసి, ఒకరి మీద ఒకరు పడుతున్నారు. "సర్దుకుని కూర్చోండి, అంత ఖాళీ ఉంది కదా" అని హిందీలో కసిరింది. ఊర్మిల అనే పిల్ల లేచి, "మేడమ్, వహా దీదీ బైఠీ హై" అంది, అక్కడ అక్క కూర్చుని ఉందని.

"ఎవరా దీదీ?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మీతోనే కదా మేడమ్ వస్తుంది, మీతోనే వెళ్తుంది, అంది ఊర్మిల. ఆ మాటలో భయం లేదు. భయమంతా వింటున్న భానుశ్రీకే. దీదీకి ఎప్పుడూ చలేస్తూ ఉంటుంది మేడమ్, పళ్లు టకటకమంటాయి, అని ఇంకో పిల్ల చెప్పింది. బయట ఉక్క పోస్తోంది. భానుశ్రీ ఆ బెంచీ దగ్గరికి నడిచి, ఖాళీగా ఉన్న చోట అరచెయ్యి ఆనించింది. చెక్క తడిగా, చల్లగా తగిలింది. అదే క్షణాన ముంజేతిలో మళ్లీ లేచిన ఉబ్బు, ఎవరో లోపల్నుంచి వేలితో పొడిచినట్టు, ఒక్కసారి అదిరింది.

ఇంటికొచ్చి అవినాష్‌కి చెప్తే అతను ఓపిగ్గా విన్నాడు. ఒంట్లో హార్మోన్లు ఒక్కసారి మారితే మనసు రకరకాలుగా పోతుందన్నాడు. లక్కే మాటలు విని పిల్లలు ఏదో అల్లుకుని ఉంటారన్నాడు. కానీ లక్కేకీ బడి పిల్లలకీ పరిచయమే లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ వారమే ఉమామహేశ్వరి ఫోన్ చేసింది.

"ఏటే భానూ, ఇప్పుడు ఫోన్ చేసింది నువ్వేనా?"

"నేను చెయ్యలేదే. క్లాసులో ఉన్నాను. ఏమైందమ్మా?"

"నీ నంబరే పడింది. ఎత్తితే చిన్నపిల్ల గొంతు. నీ గొంతే. నీ చిన్నప్పటి గొంతు నాకు తెలీదేటి? 'అమ్మా, మత్తు దిగిపోయింది, ఇంటికెళ్లిపోదాం రా' అంది. రెండుసార్లు అంది. మరి పెట్టీసింది."

భానుశ్రీ ఫోన్లో చూసుకుంది. తల్లికి చేసినట్టు ఎక్కడా లేదు.

మర్నాడే ఉమామహేశ్వరి కిరండూల్ ప్యాసింజరెక్కి వచ్చేసింది. అరకు సొరంగాల్లో దడుచుకుని ఏ ప్రయాణంలోనూ కన్ను మూయని మనిషి, ఈసారి సొరంగాలు వచ్చాయో లేదో కూడా తెలీలేదంది. ఇంట్లోకి వస్తూనే సంచీ గుమ్మంలో వదిలేసి, మంచం పక్కన ఆ చల్లటి గచ్చు మీద చెయ్యి పెట్టి చూసింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు ఏటి తీస్తారమ్మా అని అడిగావు" అంది. "అపెండిక్సు అని చెప్పీసేం. చిన్నపిల్లకి ఏటని చెప్తాం? మీ నాన్నకి ఆ మాట నోటికే రాలేదు. తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుని, 'లేచేక ఇంటికేనా?' అన్నావు. లేచేక ఇంటికే అన్నాను. మరి ఇంటికెక్కడ? అక్కణ్నుంచి అలాగే మందుల వార్డుకి తీసుకెళ్లిపోయారు. నువ్వు మళ్లీ బచేలీ చూసింది ఏడాది పైమాటే."

భానుశ్రీకి ఆ తలుపు గుర్తులేదు. ఆ ఏడాదే గుర్తులేదు. మందులు దాన్ని పలకమీది రాతలా తుడిచేశాయి.

గుమ్మంలో కూర్చుని కూరలు తరుగుతున్న లక్కే మెల్లగా అంది: "పిల్ల జడుసుకున్నదమ్మా. మా అమ్మ చెప్పేది, జడుసుకున్న పిల్ల జీవం జడుసుకున్న తావుకాడనే ఉండిపోతదని. మనిషి ఎదుగుతది, పెండ్లి చేసుకుంటది, ఆ జీవం మటుకు ఆడనే కూసుంటది. అక్కడికి పోయి పేరు పెట్టి పిలుచుకొని రావాలె."

"ఎక్కడికి పోతాం?" అంది భానుశ్రీ. "ఇంట్లోనే ఉందంటున్నావుగా."

"ఉన్నది గని, మొత్తం లేదక్కా. నాకు ఎప్పుడు కనపడ్డా ఎడమ దిక్కే కనపడ్తది. కుడి దిక్కు ఇంకా యాడనో ఉన్నట్టున్నది."

మిగతా సగం ముక్కలు విశాఖలో ఉన్నాయని లక్కేకి ఎవరూ చెప్పలేదు.

ఆ సగం కూడా ఇప్పుడే కుట్టించుకుంటానని భానుశ్రీ అంటే అవినాష్ అప్పటికీ ఒప్పుకోలేదు. రెండోసారికని దాచినవి తీసేస్తే, ఇది విఫలమైతే మరి దారి లేదు. "ఇంత కష్టపడి దాచినవి భయపడి పాడు చేసుకుంటామా?" అన్నాడు. అన్న మర్నాడు పొద్దున్న అతను అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. భానుశ్రీ, తల్లి వీధిలో కూరగాయల బండి దగ్గర ఉన్నారు. వాళ్లు తిరిగొచ్చేసరికి అతను సగం నురగతో, సగం గీసిన గడ్డంతో వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రేజర్ ఇంకా చేతిలోనే ఉంది.

"వెనక నుంచి అడిగింది" అన్నాడు. "అంకుల్, ఇంటికి ఎప్పుడు పంపిస్తారు అని. నీ గొంతే భానూ. నన్ను అంకుల్ అంది."

ఇంకేమీ వాదించలేదు. విశాఖకి టికెట్లు తనే తీశాడు.

సత్యమూర్తి వాళ్లు చెప్పింది విని నవ్వలేదు. నమ్మానని కూడా అనలేదు. "అన్నీ ఒకేసారి కుడితే తరవాత నా చేతిలో ఏమీ ఉండదమ్మా. డాక్టరుగా వద్దనే అంటాను. కానీ అవి నీవి. నీ మాటే చివరి మాట" అన్నాడు. తరవాత, "ఇంకో సంగతి కూడా చెప్పాలి. మొదట్లోనే కొన్ని ముక్కలు పరిశోధనకి వాడాం. మీ నాన్నగారు ఒప్పుకున్నాకే. అవి ఇప్పుడు లేవు" అన్నాడు.

"వాటినేం చేశారు సార్?"

"గాజు పళ్లెంలో పోషక ద్రవం పోసి పెంచి చూశాం. కొన్నాళ్లు పెరిగాయి. తరవాత ఆగిపోయాయి."

"చలిలోనా?"

ఆయనకి ప్రశ్న అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "లేదమ్మా. మన ఒంటి వేడి ఎంత ఉంటుందో అంత వెచ్చగా. ఇంక్యుబేటర్‌లో" అన్నాడు. భానుశ్రీ గుండెల్లోంచి గాలి వదిలింది. ఉమామహేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

ముక్కలున్న గది మేడ కింద ఉంది. బిందెల్లాంటి పెద్ద పెద్ద ఉక్కు పాత్రలు వరసగా, ఏ చప్పుడూ లేకుండా నిలబడి ఉన్నాయి. ఎందరో ఆడపిల్లలవి అవి. కొందరు పెద్దవాళ్లయి తిరిగొచ్చారు, కొందరు రాలేదు. సత్యమూర్తి తొడుగులు వేసుకుని ఒకదాని మూత ఎత్తాడు. తెల్లటి పొగ అంచు దాటి నేల మీదికి జారి, పాములా పాకి, భానుశ్రీ పాదాల దగ్గర ఆగింది. ఆ పొగలో ఏమీ కనబడలేదు. కానీ ముంజేతి ఉబ్బు బిగుసుకుంది. పాత్ర లోపల్నుంచి ఒక చప్పుడు వచ్చింది, పళ్లు టకటకమన్నట్టు. చలికి లోహం అలా చప్పుడు చేస్తుంది లెండి, అన్నాడు డాక్టరు. మూత పట్టుకున్న ఆయన చెయ్యి మాత్రం కదల్లేదు.

భానుశ్రీ వంగింది. ఏమని పిలవాలో తోచలేదు. తనని తాను ఎవరు పేరు పెట్టి పిలుచుకుంటారు?

తల్లే ముందుకొచ్చింది. పాత్ర మీదికి వంగి, బడి వదిలే వేళ గేటు దగ్గర నిలబడి పిలిచినట్టు, "భానూ! రావే అమ్మా, ఇంటికెళ్లిపోదాం. ఆలీసమైపోయింది" అంది. టకటక ఆగిపోయింది.

ఆపరేషన్ అయ్యాక కొన్ని రోజులకి తిరుగు బండి ఎక్కారు. ముగ్గురికీ మూడు టికెట్లు. కొత్తవలస దాటాక టికెట్ కలెక్టర్ వచ్చి కాగితం చూసి, కిటికీ పక్క ఖాళీగా ఉన్న చోటు వైపు చూపు తిప్పి, "ఔర్ ఇస్ బచ్చీ కా టికెట్? ఈ పాపది?" అన్నాడు.

"ఉంది బాబూ, మర్చిపోయేం. రాసీ" అంది ఉమామహేశ్వరి. రాయించి, ఆ చీటీ కిటికీ పక్క సీటు మీద పెట్టింది. బండి మొదటి సొరంగంలోకి దూరినప్పుడు ఎవరో చిన్నగా ఊపిరి బిగబట్టారు, వెలుతురులోకి వచ్చాక వదిలారు. ఆ ముగ్గురిలో ఎవరూ కాదు.

తిరిగొచ్చాక ఇంట్లో చలి లేదు. మంచం పక్కన గచ్చు మామూలు గచ్చే. పీడ విరగడైందని అవినాష్ అనుకున్నాడు. లక్కే మాత్రం పని ముగించుకుని వెళ్తూ, "ఇప్పుడు నిండుగ కనపడ్తాంది అక్కా. పచ్చ గౌను పోయింది. గళ్ల పావడ కట్టుకున్నది. సన్నజాజి పందిరి కింద ఆడుకుంటాంది" అని చెప్పిపోయింది.

ఇక అక్కడి నుంచి ఆ ఇల్లు వేరే రకం ఇల్లయింది. భానుశ్రీకి ఆ పిల్ల ఒక్కసారి కూడా కనబడలేదు. కనబడితే బాగుండునని ఒకరోజు, కనబడకూడదు దేవుడా అని ఒకరోజు. అవినాష్ స్నానాల గది తలుపు కొట్టి, "ఎవరు లోపల?" అని అడిగి వెళ్లడం అలవాటు చేసుకున్నాడు. మొదట భయంతో అడిగేవాడు. పోను పోను, ఇంట్లో ఆడపిల్ల ఉన్న మగవాడు అడిగినట్టు అడగసాగాడు. ఒకరోజు దంతెవాడ నుంచి వస్తూ ఎర్ర రిబ్బను ముక్క తెచ్చి, ఎందుకు తెచ్చాడో చెప్పకుండా అద్దం దగ్గర పెట్టాడు. సాయంత్రానికి అది అక్కడ లేదు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

ఆ ఏడాది సత్యమూర్తి మందులిచ్చి రెండు అండాలు తీయగలిగాడు. ఒకటి పిండమైంది. భానుశ్రీ గర్భంలో పెట్టాడు. ఫలితం తెలిసే దాకా ఆమె ఇంట్లో పడుకుని పైకప్పు చూస్తూ ఉండేది. పిండం చిన్నది, కంటికి ఆనదు. ఆ అండం ఎవరిది? పదమూడేళ్ల పిల్లది. నిజానికి అంతకు ముందుది కూడా. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే అండాలన్నీ తయారై ఉంటాయని డాక్టరు చెప్పాడు. అంటే ఒకప్పుడు అది అమ్మ కడుపులోనూ ఉంది, ఈ కొండ కిందే, ఈ ఎర్ర దుమ్ములోనే. ఇంతమంది ఆడవాళ్లు ఒకే మంచం మీద పడుకున్నట్టు అనిపించి ఆమెకి ఊపిరాడేది కాదు.

నిలవలేదు. రక్తం కనబడిన రోజు ఆమె ఎవరికీ చెప్పకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం నుదుటి మీద ఎవరో చెయ్యి వేశారు. చిన్న చెయ్యి, కొద్దిగా గరుకు. వెచ్చగా ఉంది. భానుశ్రీ కళ్లు తెరవలేదు. తెరిస్తే ఉండదని తెలుసు.

ఆ పైన లక్కే చెప్పే మాటలు మారసాగాయి. "పిల్ల లంగా ఓణీ కట్టింది" అంది దీపావళికి. "జడ నడుము దాటింది" అంది ఇప్పపూలు రాలే కాలానికి. మనుషుల పిల్లలు అంత తొందరగా ఎదగరు. మరుసటి చలికాలానికి లక్కే గొంతు తగ్గించి, "అక్కా, అచ్చం నీ లెక్కనే ఐతాంది. నిన్న ఎదురుగ వస్తే నువ్వే అనుకొని పలకరించిన" అంది.

భానుశ్రీకి మళ్లీ భయం పట్టుకుంది. ఈసారి వేరే భయం. ఒక ఉదయం బస్సు ఆలస్యమై క్లాసుకి వెనకబడి వెళ్తే, పిల్లలు తలలు వంచుకుని లెక్కలు చేసుకుంటున్నారు. బోర్డు నిండా భిన్నాలు. తన రాతే. అయితే తాను ఎప్పుడో మానేసిన అలవాటు, ఏడు అంకెకి నడుము మీద అడ్డగీత, ప్రతి ఏడుకీ ఉంది.

"ఎవరు రాశారు ఇది?"

"మీరే కదా మేడమ్" అంది ఊర్మిల. "ఇప్పుడే కదా బయటికి వెళ్లారు."

ఆ సాయంత్రం ఆమె అవినాష్‌ని కూర్చోబెట్టి అడిగింది: "అది నా వయసుకి వచ్చేసిందనుకో. అప్పుడు ఈ ఇంట్లో ఉండేది ఎవరు?" అవినాష్ ఆమె ముంజెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, ఉబ్బు మీద బొటనవేలు వేసి, చాలాసేపు అలాగే కూర్చున్నాడు. కొట్టుకుంటోంది. ముందంత గట్టిగా కాదు.

ఆ నెల ఉబ్బు సెనగగింజంతే లేచింది. పై నెల ఆవగింజంత. తరవాత లేవనే లేదు. నెలసరి ఆగిపోయింది. సత్యమూర్తి రక్తపరీక్ష చూసి, "కుట్టిన ముక్కలకి ఆయుష్షు అంతేనమ్మా. ఉన్న అండాలు అయిపోయాయి. నా దగ్గర మిగిలిందేమీ లేదు" అన్నాడు. నీ మాట వినకుండా ఉండాల్సిందని ఆయనా అనలేదు, మీ మాట వినుండాల్సిందని ఆమె కూడా అనలేదు.

ఆ పై ఆదివారం లక్కే పనికి ఆలస్యంగా వచ్చింది. వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా వరండాలో నిలబడిపోయింది.

"పోయింది అక్కా."

"ఎవరు?"

"ఎవరేంది? నీ పిల్ల. బస్టాండుకాడ చూసిన. చీర కట్టింది, భుజాన సంచి ఉన్నది. జగదల్‌పూర్ బస్సెక్కింది. పోతున్నవా బిడ్డా అని దోర్లీల అడిగిన. పోతున్న అని దోర్లీలనే చెప్పింది. నీకు రాదు గద ఆ మాట, ఆ పిల్ల యాడ నేర్చుకున్నదో."

"నా వయసుందా?"

"లేదు. నీ కంటె చిన్నది. ఇరవై ఉంటయేమో. నీ ముఖమే గని, నీ లెక్క లేదు. ఆ పిల్లకు ఎన్నడు జబ్బు చేసినట్టు లేదు."

"వెనక్కి చూసిందా?"

"ఎందుకు చూస్తది అక్కా? కిటికీకాడ సీటు దొరికింది. నవ్వుకుంట పోయింది."

భానుశ్రీ ఇంట్లోకి వచ్చింది. గదులు ఖాళీగా ఉన్నాయి. ఇన్నాళ్లూ కూడా ఖాళీగానే ఉండేవి, కంటికి. కానీ ఈ ఖాళీ వేరు. ముంజేతి మీద చర్మం చదునుగా, మచ్చతో, ఎవరి చేతి మీదో ఉన్నట్టు ఉంది. భయం పోయిందని తెలిసింది. భయం ఉన్న చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. దానికి పేరు పెట్టలేకపోయింది. అవినాష్ డ్యూటీ నుంచి వచ్చి, ఆమె ముఖం చూసి, లక్కే ముఖం చూసి, అడక్కుండానే తెలుసుకున్నాడు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని వరండా మెట్టు మీద కూర్చున్నాడు. "చెప్పి వెళ్తే ఏం పోయింది?" అన్నాడు చివరికి.

భానుశ్రీ తల్లికి ఫోన్ చేసింది. పరీక్ష సంగతి, ముక్కలు ఆగిపోయిన సంగతి చెప్పింది. ఇక పిల్లలు పుట్టరని చెప్పింది. ఉమామహేశ్వరి ఊఁ కొడుతూ వింది. బస్టాండు సంగతి చెప్పేసరికి ఊఁ కొట్టడం మానేసింది.

"అంత దూరం," అంది ఉమామహేశ్వరి, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో, "ఒక్కర్తినే పంపించీసేవేటే?"